ఎల్బీనగర్ బాటలో నవంబరు 29

1947 నవంబరు 29, శనివారం. ఢిల్లీలో గవర్నర్ జనరల్ మౌంట్‌బాటన్, హైదరాబాద్‌లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పెట్టిన సంతకాలతో ఒక ఒప్పందం ఖరారైంది. నిజాంకూ భారత ప్రభుత్వానికీ మధ్య ఏడాది పాటు పరిస్థితులు ఎలా ఉన్నవో అలాగే ఉండాలన్నది దాని సారాంశం. మన చరిత్ర పుస్తకాల్లో దాని పేరు యథాతథ ఒప్పందం. అదే రోజు న్యూయార్క్‌లో ఐక్యరాజ్య సమితి పాలస్తీనాను రెండుగా చీల్చే తీర్మానాన్ని ఆమోదించింది. ఒకటి బ్రిటన్ వదిలి వెళ్లిన రాజ్యం, ఇంకొకటి వదిలి వెళ్లబోతున్న దేశం. ఆ రెండింటి తలరాతా ఒక్క తేదీన ఓ మలుపు తిరిగింది.

సరిగ్గా 62 ఏళ్ల తర్వాత, 2009లో, అదే నవంబరు 29న, ఎల్బీనగర్ చౌరస్తాలో కాసోజు శ్రీకాంతాచారి అనే యువకుడు తెలంగాణ కోసం తనను తాను కాల్చుకున్నాడు. అలుగునూరు దగ్గర కేసీఆర్‌ను పోలీసులు అరెస్టు చేసింది కూడా ఆనాడే.

రెండో నవంబరు 29 మనందరికీ గుర్తుంది. ఏటా సభలు జరుగుతాయి, విగ్రహానికి దండలు పడతాయి. మొదటిది మాత్రం ఎవరికీ పట్టలేదు. నిజాం లొంగిపోయిన 1948 సెప్టెంబరు 17 విమోచనమా, విలీనమా, విద్రోహమా, సమైక్యతా అని ఏటా మాటకు మాట అనుకుంటాం. ఆ సెప్టెంబరుకు పది నెలల ముందు, ఈ గడ్డ మీది 1 కోటీ 60 లక్షల మందిని ఒక్క మాటైనా అడగకుండా, వాళ్ల బతుకులను ఏడాది పాటు గాల్లో పెట్టిన సంతకాల సంగతి ఎవరూ ఎత్తరు. ఆ ఏడాదిని లెక్కలోకి తీసుకోకపోతే సెప్టెంబరు 17 సగమే అర్థమవుతుందని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే ఈ కథనం.

మెట్రో స్టేషన్ల కింద ఇంగ్లిషువాళ్ల కాలం

అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి కోఠికి బయల్దేరినవాళ్లు ఔటర్ రింగురోడ్డు, పెద్ద అంబర్‌పేట, హయత్‌నగర్, వనస్థలిపురం దాటుకుని ఎల్బీనగర్‌లో బస్సు దిగి మెట్రో ఎక్కుతారు. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, ముసారాంబాగ్... స్టేషన్ల పేర్లు మైకులో వినిపిస్తూనే ఉంటాయి. ఫోను లోంచి తల ఎత్తని కాలేజీ పిల్లలు, సంచులు కాళ్ల మధ్య పెట్టుకున్న అమ్మలు, కోచింగ్ సెంటరు పుస్తకాలు ఒళ్లో పెట్టుకున్న ఉద్యోగార్థులు. ఆ పేర్లలో రెండు యూరోపియన్ల చరిత్రలోంచి నేరుగా వచ్చి పట్టాల పక్కన నిలబడ్డవే.

ముసారాంబాగ్ పేరు ఫ్రెంచి సేనాని మిషెల్ రేమండ్ నుంచి వచ్చింది. రెండో నిజాం అలీఖాన్ కొలువులో ఆయన సుమారు 14 వేల మంది సిపాయిల పటాలాన్ని నడిపాడు. జనం నోట్లో ఆయన హిందువులకు మూసా రాముడు, ముస్లింలకు మూసా రహీం అయ్యాడు. 1798 మార్చి 25న చనిపోతే ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద సమాధి చేశారు. నల్లరాయితో సుమారు 7 మీటర్ల ఎత్తున కోసుగా లేచిన స్తంభం, దాని మీద జె.ఆర్. అనే పొడి అక్షరాలు. చుట్టూ కాలనీలు కమ్ముకొచ్చినా ఆ గుట్ట మాత్రం ఇంకా అక్కడే ఉంది.

రేమండ్ పోయిన అయిదు నెలలకే, 1798 సెప్టెంబరు 1న, నిజాం ఇంగ్లిషు కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. అక్టోబరులో రేమండ్ పటాలం చేతుల్లోంచి ఆయుధాలు ఊడబెరికారు. అప్పటినుంచి హైదరాబాద్‌ను కాపాడే సైన్యం కంపెనీది, దాని ఖర్చు నిజాంది. ఆ ఖర్చు కిందనే 1800లో కడప, బళ్లారి, అనంతపురం, కర్నూలు ప్రాంతాలు కంపెనీ పాలయ్యాయి. రాయలసీమను దత్తమండలాలని పిలిచింది అందుకే. కోఠిలో ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఉన్న రెసిడెన్సీ భవనంలో కూర్చున్న దొర మాట రాజ్యం మొత్తాన్నీ నడిపించింది. 1857 జులై 17న తుర్రెబాజ్‌ఖాన్ తన మనుషులతో వచ్చి దాడి చేసింది ఆ భవనం మీదే.

విక్టోరియా మెమోరియల్ స్టేషన్ పేరు ఆ అధికారం వందేళ్ల తర్వాత ఎంత ముదిరిందో చెబుతుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ సరూర్‌నగర్‌లో తన కోసం కట్టించుకున్న మహలును, 1901లో చనిపోయిన విక్టోరియా రాణి జ్ఞాపకార్థం అనాథ పిల్లల ఆశ్రమానికి ఇచ్చేశాడు. విక్టోరియా మెమోరియల్ హోం ఇప్పటికీ నడుస్తోంది. తల్లిదండ్రులు లేని పిల్లలు తరతరాలుగా అక్కడ చదువుకుని బతుకు దిద్దుకున్నారు. రాణి పేరు గోడ మీదా, నిజాం డబ్బు పునాదిలోనూ ఉన్నా, ఆ పిల్లల వల్లే ఆ చోటుకు గౌరవం.

1947 ఆగస్టు 15న బ్రిటన్ ఈ అధికారాన్నంతా ఉన్నట్టుండి కాలదన్నుకుని పోయింది. సంస్థానాల మీద తమకున్న సార్వభౌమాధికారం ఆనాటితో రద్దు అవుతుందని చట్టంలోనే రాసుకుంది, దాన్ని భారత్‌కు గానీ పాకిస్థాన్‌కు గానీ అప్పగించలేదు. నూటయాభై ఏళ్లుగా బ్రిటిషు ప్రభుత్వానికి నమ్మకమైన మిత్రుడిగా బతికిన నిజాం వంశం ఆ చట్టాన్ని స్వతంత్ర రాజ్యానికి తెరిచిన తలుపు అనుకుంది.

పెళ్లి కోసం ఆగిన చర్చలు

ఆగస్టు 15 దాటింది. నిజాం భారత్‌లో చేరలేదు. అతని తరఫున ప్రధాని ఛత్తారీ నవాబు, ఇంగ్లిషు లాయరు సర్ వాల్టర్ మాంక్టన్, సర్ సుల్తాన్ అహ్మద్ ఢిల్లీ వెళ్లి మాట్లాడారు. అక్టోబరు చివరికి ఒక ముసాయిదా తయారైంది. నిజాం కార్యనిర్వాహక మండలి ఆమోదించింది, నిజాం కూడా సరేనన్నాడు. సంతకం మాత్రం రేపు మాపు అన్నాడు.

అక్టోబరు 27న ఇంకా తెల్లవారకముందే, వేల మంది జనం ఆ ముగ్గురి ఇళ్లనూ చుట్టుముట్టారు. ఖాసిం రజ్వీ నాయకత్వంలోని ఇత్తెహాదుల్ ముస్లిమీన్ మనుషులు వాళ్లు. ప్రతినిధి వర్గాన్ని ఢిల్లీ విమానం ఎక్కనిచ్చేది లేదన్నారు. ఒక రాజ్యపు ప్రధానమంత్రి తన రాజధానిలో, తన ఇంటి గడప దాటలేకపోయాడు. పోలీసులు ఆ జనాన్ని కదిలించలేకపోయారు. ఛత్తారీ నవాబు రాజీనామా చేశాడు. అధికారం ఎవరి చేతుల్లోకి జారిపోయిందో ఆ తెల్లవారుజామునే తేలిపోయింది. ఆ తర్వాత పది నెలలపాటు పల్లెల్లో జరిగినదానికి అదే నాంది.

మొయిన్ నవాజ్‌జంగ్ నాయకత్వంలో కొత్త బృందం ఢిల్లీ చేరింది. అప్పటికి మౌంట్‌బాటన్ లండన్ ప్రయాణానికి సిద్ధమవుతున్నాడు. ఆయన మేనల్లుడు ఫిలిప్‌కూ రాకుమారి ఎలిజబెత్‌కూ నవంబరు 20న పెళ్లి. రెండు వారాల పాటు గవర్నర్ జనరల్ కుర్చీలో రాజాజీ కూర్చున్నారు. హైదరాబాద్ చర్చలు పెళ్లికొడుకు మేనమామ తిరిగొచ్చేదాకా ఆగాయి.

ఆ పెళ్లికి నిజాం పంపిన కానుకల్లోని హారం ఇవాళ్టికీ బ్రిటిషు రాజకుటుంబం దగ్గర ఉంది. లండన్‌లోని కార్టియే నగల దుకాణంలో పెళ్లికూతురే తనకు నచ్చింది ఎంచుకోవాలన్నది నిజాం మాట. ఆమె వజ్రాల హారమూ, పూల పనితనం ఉన్న తలకిరీటమూ ఎంచుకుంది. ఆ హారానికి నిజాం హారం అనే పేరే స్థిరపడింది. రాణి అయ్యాక తీయించుకున్న తొలి అధికారిక ఫొటోల్లో ఆ హారం మెడలో ఉంటుంది. 2014లో మనుమడి భార్య కేట్ కూడా లండన్‌లో ఒక విందుకు వేసుకొచ్చింది. ఆ వజ్రాల ఖరీదు నిజాం ఖజానా లోంచి వెళ్లింది. ఆ ఖజానా నిండింది పల్లెల్లో రైతు చెమటతో.

నవంబరు 24కు మౌంట్‌బాటన్ తిరిగొచ్చాడు. అయిదు రోజుల్లో ఒప్పందం కుదిరింది. రజ్వీ మనుషులు ఇళ్లు ముట్టడించి ఆపిన ముసాయిదాకూ, చివరికి సంతకమైనదానికీ పెద్ద తేడా లేదు. నెల రోజుల గొడవకు ఫలితంగా మారింది మనుషులే. ప్రధాని పదవి మీర్ లాయక్ అలీకి దక్కింది.

ఒప్పందం చిన్నది, అయిదే అంశాలు. విదేశీ వ్యవహారాలు, రక్షణ, రవాణా సంబంధాలు బ్రిటిషువాళ్ల కాలంలో ఎలా ఉన్నాయో అలాగే సాగాలి. ఒకరి రాజధానిలో మరొకరు ప్రతినిధిని ఉంచుకోవాలి. సార్వభౌమాధికారపు హక్కులేవీ భారత్‌కు సంక్రమించవు. తగవు వస్తే మధ్యవర్తులు తీర్చాలి. గడువు ఒక ఏడాది. భారత ప్రతినిధిగా కె.ఎం. మున్షీ 1948 జనవరి మొదట్లో హైదరాబాద్ వచ్చారు. నిజాం తరఫున జైన్ యార్‌జంగ్ ఢిల్లీ వెళ్లారు.

మన ఊళ్ల పాత పట్టాదారు కాగితాల్లో ఈ తేదీ ఈ రూపంలో కనిపించదు. నిజాం రాజ్యపు లెక్కలు ఫసలీ సంవత్సరంలో నడిచేవి. అది అప్పటికి ఫసలీ 1357. అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలో భూమి ధరలు ఆకాశాన్ని అంటిన ఈ రోజుల్లో సేత్వార్లు, ఖాస్రా పహాణీలు వంటి పాత భూమి కాగితాలు పట్టుకుని తహసీల్ ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లకు ఫసలీ లెక్క బాగా తెలుసు.   

ఆ ఏడాది ఖర్చు ఎవరిది

సంతకాలు ఆరకముందే, డిసెంబరు 4న, కింగ్‌కోఠి అనే తన నివాసపు దారిలో వెళ్తున్న నిజాం కారు మీద నారాయణరావు పవార్ బాంబు విసిరాడు. ఆర్యసమాజ యువకుడు. జగదీశ్, గండయ్య అతనికి తోడు. నిజాం బతికాడు. పవార్‌కు ఉరిశిక్ష వేశారు, తర్వాత యావజ్జీవంగా మార్చారు. ఒప్పందం జరిగి అయిదు రోజులే అయింది. హైదరాబాద్‌లో చదువుకున్న కుర్రాళ్లకు ఆ కాగితం మీద ఎంత నమ్మకం ఉందో ఈ ఘటన చాలు చెప్పడానికి.

నిజాం ప్రభుత్వం భారత రూపాయి చెలామణీ మీద ఆంక్షలు పెట్టింది. బంగారం, వెండి బయటికి పోకుండా కట్టడి చేసింది. పాకిస్థాన్‌కు 20 కోట్ల రూపాయల అప్పు ఇచ్చింది. ఇది ఒప్పందానికి విరుద్ధమని ఢిల్లీ అంది. సరుకులు రాకుండా సరిహద్దులు బిగిస్తున్నది మీరేనని హైదరాబాద్ అంది. సికింద్రాబాద్ కంటోన్మెంటు నుంచి భారత సైన్యం వెళ్లిపోయింది. ఒప్పందం కుదిరాక జైలు నుంచి బయటికొచ్చిన స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థను 1948 జనవరిలోనే మళ్లీ లోపల పెట్టారు. ఉత్తరాల మీద ఉత్తరాలు నడిచాయి. మధ్యవర్తుల దాకా వ్యవహారం వెళ్లనే లేదు.

ఢిల్లీ, హైదరాబాద్ ఉత్తరాలు రాసుకుంటుంటే ఊళ్లలో రజ్వీ సాయుధ దళమైన రజాకార్లు తిరిగారు. ఇదిగో మన విజయవాడ రోడ్డే తీసుకోండి. అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక చౌటుప్పల్, ఆ తర్వాత చిట్యాల. ఆ రెండింటి మధ్య గుండ్రాంపల్లి ఉంది. రజాకార్ల చేతిలో అక్కడ ఊరి జనం ఊచకోతకు గురయ్యారు. ఆ ఊరి స్థూపం వాళ్లదే. సంక్రాంతికి ఊరెళ్తూ పంతంగి టోలు గేటు దగ్గర గంటల తరబడి ఆగే కార్లలో ఎంతమందికి ఆ స్థూపం సంగతి తెలుసు? పక్కనే ఉన్న భువనగిరి తాలూకా బొల్లేపల్లివాడు కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి. బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్‌లతో కలిసి 1947 సెప్టెంబరు 11న సాయుధ పోరాటానికి పిలుపునిచ్చింది ఆయనే. ఒప్పందం జరిగేనాటికి నల్లగొండ పల్లెల్లో ఒకవైపు గెరిల్లా దళాలు, ఇంకోవైపు రజాకార్లు, నిజాం పోలీసులు. పగలు ఒకరికి, రాత్రి మరొకరికి జవాబు చెప్పుకోవాల్సిన గతి ఊరి మనుషులది. తట్టుకోలేనివాళ్లు పిల్లాజెల్లాతో సరిహద్దు దాటి కృష్ణా జిల్లా ఊళ్లకు పోయారు.

1948 ఆగస్టు 21 రాత్రి కాచిగూడ ప్రాంతంలో ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను నరికి చంపారు. హైదరాబాద్ భారత్‌లో కలవాలని ఉర్దూలో రాసినందుకు. వారం తిరక్కముందే, ఆగస్టు 27న, బైరాన్‌పల్లి. బురుజెక్కి ఊరిని కాపాడుకున్న జనాన్ని చివరికి వరుసగా నిలబెట్టి కాల్చారు. అది యథాతథ ఒప్పందం అమల్లో ఉన్న తొమ్మిదో నెల. యథాతథంగా ఉండిపోయింది ఒక్క నిజాం సింహాసనమే.

ఆ ఒప్పందం లేకపోతే ఏమయ్యేదో ఎవరూ రుజువు చేయలేరు. కశ్మీరులో అప్పటికే యుద్ధం మొదలైంది, భారత ప్రభుత్వానికి ఊపిరి తీసుకునే వ్యవధి కావలసి వచ్చింది. అది నిజమే. అయితే ఆ వ్యవధికి మూల్యం ఢిల్లీ చెల్లించలేదు, కింగ్‌కోఠీ చెల్లించలేదు. గుండ్రాంపల్లి చెల్లించింది, బైరాన్‌పల్లి చెల్లించింది. ఈ ఒక్క సంగతీ సెప్టెంబరు సభల్లో ఏ వేదిక మీదా వినపడకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

సెప్టెంబరు 13న భారత సైన్యం వచ్చింది. షోలాపూర్ వైపు నుంచి ఒక ప్రధాన దళం, విజయవాడ వైపు నుంచి మరొకటి. రెండోది కోదాడ, సూర్యాపేట మీదుగా, అంటే ఇవాళ ట్రావెల్స్ బస్సులు రాత్రంతా పరుగులు తీసే ఈ దారినే హైదరాబాద్ వైపు కదిలింది. 17న నిజాం రేడియోలో లొంగుబాటు ప్రకటించాడు. మర్నాడు నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ముందు లాంఛనంగా లొంగిపోయాడు.

దూరపు నవంబరు 29లు

బ్రిటన్ చరిత్రలో ఈ తేదీకి ఇంకా చాలా పద్దులున్నాయి. ఎనిమిదో హెన్రీ కొలువులో రాజు తర్వాత రాజంతటివాడు కార్డినల్ ఊల్సీ. రాజుకు విడాకులు ఇప్పించలేక కోపానికి గురై, రాజద్రోహం ఆరోపణ మీద లండన్‌కు తీసుకొస్తుండగా 1530 నవంబరు 29న లెస్టర్‌లో చనిపోయాడు. రచయిత సి.ఎస్. లూయిస్ 1898లో ఇదే రోజు పుట్టాడు. రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకున్న బీటిల్స్ గాయకుడు జార్జ్ హారిసన్ 2001లో ఇదే రోజు పోయాడు. ఈ మూడూ కాకతాళీయాలు. ఒకదానికొకటి ముడిపెట్టే పని లేదు.

1781 నవంబరు 29 దగ్గర మాత్రం ఆగక తప్పదు. లివర్‌పూల్ వ్యాపారుల ఓడ జాంగ్, ఆఫ్రికా నుంచి 440 మందికి పైగా మనుషులను బానిసలుగా కుక్కుకుని జమైకాకు బయల్దేరింది. దారి తప్పింది, జమైకాను చూసి వేరే దీవి అనుకుని దాటిపోయింది. నీళ్లు సరిపోవని చెప్పి ఆ రోజు సాయంత్రం 54 మంది ఆడవాళ్లనూ పిల్లలనూ సముద్రంలోకి తోసేశారు. తర్వాతి రోజుల్లో మగవాళ్లను. మొత్తం 130 మందికి పైగా. మధ్యలో వాన కురిసి పీపాలు నిండాయని తర్వాత బయటపడింది. అయినా తోయడం ఆపలేదు. ఎందుకంటే రోగంతో చచ్చిన మనిషికి బీమా రాదు, ఓడను కాపాడటానికి పారేసిన సరుకుకు వస్తుంది. తలకు 30 పౌండ్లు.

యజమానులు బీమా సొమ్ము కోసం కోర్టుకెక్కారు. 1783లో మొదటి విచారణలో జ్యూరీ వాళ్లకే అనుకూలంగా చెప్పింది. గుర్రాలను సముద్రంలో పారేసినట్టే ఈ వ్యవహారమని జ్యూరీ భావించిందని ప్రధాన న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ తన నోటితోనే అన్నాడు, మళ్లీ విచారణకు ఆదేశించాడు. హత్య కేసు మాత్రం ఎవరి మీదా పడలేదు. ఒకప్పుడు తానూ బానిసగా బతికిన ఒలౌదా ఈక్వియానో ఈ సంగతి తెలుసుకుని గ్రాన్‌విల్ షార్ప్ తలుపు తట్టాడు. షార్ప్ దాన్ని దేశమంతా చాటాడు. బానిస వ్యాపారం మీద ఇంగ్లండులో లేచిన ఉద్యమానికి జాంగ్ పెద్ద నిప్పురవ్వ. 1807లో వ్యాపారం, 1833లో బానిసత్వం చట్టంతో రద్దయ్యాయి.

ఈ కథలోకి మనవాళ్లు వచ్చేది ఇక్కడే. బానిసలు లేకపోతే చెరకు తోటల్లో పనిచేసేదెవరు? ఒప్పంద కూలీలు. గోదావరి పాయ దగ్గరి కోరంగి రేవు నుంచి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి తెలుగువాళ్లు మారిషస్‌కు వెళ్లారు. అక్కడ వాళ్లకు కోరింగీలు అనే పేరు పడింది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో ఓడలోనూ తెలుగు కుటుంబాలున్నాయి. జాంగ్ ఓడకూ కోరంగి రేవుకూ మధ్య యాభై ఏళ్ల పైచిలుకు దూరం. చక్కెర వ్యాపారపు లెక్క మాత్రం ఒకటే.

ఇక 1947 నవంబరు 29న ఐక్యరాజ్య సమితిలో ఓట్ల సంగతి. పాలస్తీనాను యూదు, అరబ్బు రాజ్యాలుగా విభజించాలన్న 181వ తీర్మానానికి 33 దేశాలు అనుకూలం, 13 వ్యతిరేకం, 10 తటస్థం. మూడు నెలల కిందటే విభజన నెత్తురు చూసిన భారత్ వ్యతిరేకంగా ఓటేసింది. మూడు దశాబ్దాలు పాలస్తీనాను ఏలిన బ్రిటన్ తటస్థంగా ఉండిపోయింది. చిక్కుముడి వేసినవాళ్లే విప్పే పని మాది కాదన్నారు. హైదరాబాద్ విషయంలో సార్వభౌమాధికారాన్ని ఎవరికీ అప్పగించకుండా రద్దు చేసి వెళ్లిపోవడం కూడా ఇదే తీరు.

1978 నుంచి ఐక్యరాజ్య సమితి నవంబరు 29ని పాలస్తీనా ప్రజల సంఘీభావ దినంగా పాటిస్తోంది. 2012లో పాలస్తీనాకు సభ్యత్వం లేని పరిశీలక రాజ్య హోదా ఇచ్చే ఓటింగు కోసం కావాలనే ఈ తేదీనే ఎంచుకున్నారు. 138 దేశాలు అవునన్నాయి, అందులో భారత్ ఒకటి. 9 కాదన్నాయి. తటస్థంగా ఉన్న 41 దేశాల్లో బ్రిటన్ ఉంది. 65 ఏళ్ల తర్వాత కూడా అదే తేదీన, అదే మౌనం.

చౌరస్తాలో యువకుడు

2009 అక్టోబరులో, పోలీసు నియామకాల విషయంలో హైదరాబాద్‌ను ఫ్రీ జోన్‌గా చూస్తూ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఉద్యోగాల కోసం ఏళ్లతరబడి చదువుతున్న తెలంగాణ కుర్రాళ్ల గుండెల్లో అది పిడుగు. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట హాస్టళ్ల నిండా ఉన్నది వాళ్లే. నల్లగొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ పల్లెల నుంచి వచ్చి చిన్న గదుల్లో సర్దుకుని గ్రూప్స్‌కు చదువుకునేవాళ్లు. ఈ కోచింగ్ గదుల్లోంచే ఉద్యమం వీధిలోకొచ్చింది.

నవంబరు 29, ఆదివారం. కేసీఆర్ కరీంనగర్ నుంచి సిద్దిపేటలో ఆమరణ దీక్షకు బయల్దేరారు. అలుగునూరు దగ్గర అరెస్టు చేసి ఖమ్మం జైలుకు తరలించారు. వార్త పాకగానే ఎల్బీనగర్‌లో నిరసనలు. ఆ నిరసనల్లో మోత్కూరు ప్రాంతంలోని పొడిచేడు నుంచి వచ్చిన శ్రీకాంతాచారి ఉన్నాడు. ఫిజియోథెరపీ చదివిన 23 ఏళ్ల వాడు. ఒళ్లు కాలుతున్నా జై తెలంగాణ అంటున్న ఆ దృశ్యం ఆ రాత్రి టీవీల్లో చూసినవాళ్లెవరూ మరచిపోలేదు. ఆసుపత్రిలో నాలుగు రోజులు ప్రాణంతో పెనుగులాడి డిసెంబరు 3న పోయాడు. డిసెంబరు 9 రాత్రి కేంద్ర హోంమంత్రి చిదంబరం తెలంగాణ ప్రక్రియ మొదలవుతుందని ప్రకటించారు. డిసెంబరు 23న మాట మారింది. ఆ తర్వాత ఇంకా ఎంతోమంది పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది.

ఆ చావును పొగడటం నావల్ల కాదు. ఆ మంట వెనక ఉన్న ఆశను మాత్రం తలవంచి గౌరవిస్తాను. అతను బతికి ఉండాల్సింది. తాను కోరుకున్న రాష్ట్రంలో, నేర్చుకున్న ఫిజియోథెరపీతో, మోత్కూరులోనో ఎల్బీనగర్‌లోనో నాలుగు మోకాళ్ల నొప్పులు తగ్గిస్తూ ఉండాల్సినవాడు. ఉద్యమాల పేరుతో పిల్లలు చావును ఎంచుకునే స్థితి మళ్లీ రాకూడదంటే, వాళ్ల మాట మంట దాకా రాకముందే వినే చెవులు ప్రభుత్వాలకు ఉండాలి. 1947లో జనాన్ని అడగలేదు. 2009లో అడగమని జనమే వీధిలోకి వచ్చారు. ఈ రెండు నవంబరు 29ల మధ్య నాకు కనిపించే సంబంధం ఇది ఒక్కటే. పొడిచేడు కూడా ఒకప్పుడు రజాకార్లనూ దళాలనూ చూసిన నల్లగొండ గడ్డలోని ఊరే కదా.

ఎల్బీనగర్‌లో ఇప్పుడు అండర్‌పాసులు, ఫ్లై ఓవర్లు, మెట్రో స్టేషను ఒకదాని మీద ఒకటి అల్లుకున్నాయి. శ్రీకాంతాచారి విగ్రహం ఆ సందడిలోనే ఉంది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు బాటసింగారం తరలిపోయింది, మామిడి లారీలు ఇప్పుడు అబ్దుల్లాపూర్‌మెట్ వైపు మళ్లుతాయి. ఈ దారిలో విజయవాడ దాకా 1948 ఊసు చెప్పే పెద్ద బోర్డు ఒక్కటైనా ఉండాలని నా కోరిక. గుండ్రాంపల్లి స్థూపానికి హైవే మీద దారి చూపే బాణం గుర్తు, ముసారాంబాగ్ స్టేషన్‌లో రేమండ్ కథ, విక్టోరియా మెమోరియల్ స్టేషన్ గోడ మీద 1798 నుంచి 1947 దాకా నాలుగు వాక్యాలు. వీటికి పెద్ద ఖర్చు కాదు. రోజూ లక్షల మంది నడిచే చోట పిల్లలకు చరిత్ర దానంతటదే వస్తుంది.

ఒప్పందం గడువు లెక్కప్రకారం 1948 నవంబరు 29న తీరాలి. ఆ రోజుకు మౌంట్‌బాటన్ అధికారం దిగి అయిదు నెలలు దాటింది. మున్షీ ఢిల్లీ వెళ్లిపోయారు. లాయక్ అలీ గృహనిర్బంధంలో ఉన్నాడు, రజ్వీ అరెస్టయి ఉన్నాడు. నారాయణరావు పవార్ ఇంకా జైల్లోనే ఉన్నాడు. నిజాం కింగ్‌కోఠీలో ఉన్నాడు, పాలన మిలిటరీ గవర్నర్ చౌధురిది. మరో పద్నాలుగు నెలలకు అదే నిజాం రాజ్‌ప్రముఖ్‌గా కొత్త గణతంత్రంలో కొలువుదీరాడు. నల్లగొండ పల్లెల్లో మాత్రం రజాకార్ల స్థానంలో భారత సైన్యం కమ్యూనిస్టుల కోసం గాలిస్తోంది. పోరాటం విరమించింది 1951 అక్టోబరులో.